దంతమూలమున కాలమును కొలుచు కణములు

పలమనేరు చుట్టుపట్ల గానుగలాడు దినములలో, బెల్లము కాగు పెనముల నుండి లేచిన తియ్యని ఆవిరి దారి పొడవునను కమ్ముకొనియుండగా, గట్టుపై చతికిలబడి చెరకు గడ నొకదానిని పండ్లతో ఒలిచి, చెక్కును ప్రక్కకు ఉమిసి, తునుకను దవడపండ్ల నడుమ బెట్టి పిప్పి యగువరకు నమలుచున్న పిల్లవానిని చూడనివారు మనలో ఉండరు. ఆ నమలుటలో దవడపండ్లపై పడు భారము స్వల్పమైనది కాదు. పెద్దవారు గట్టి పదార్థమును కొరికినపుడు అది 50 కిలోల దాక పోవచ్చునని కొలిచి చూచినవారు చెప్పుచున్నారు. ఇంత భారమును నిత్యము మోసియు ఆ పండ్లు ఏండ్ల తరబడి తమ తావు విడువవు. అదే పిల్లవానికి పండ్లు వంకరగా వచ్చినవని తల్లిదండ్రులు చిత్తూరునకో తిరుపతికో తీసికొనిపోయి తీగ కట్టించినచో, 50 గ్రాముల పాటి లాగుడుతో ఆ తీగ కొన్ని మాసములలో పంటిని ఒక చోటి నుండి మరియొక చోటికి జరిపివేయును. మహాబలము కదలింపలేని దానిని అల్పబలము కదలించుట ఎట్లు సంభవించుచున్నది? పంటివేరునకును దవడయెముకకును నడుమ నివసించు జీవకణములను అడిగినగాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. ఆ కణములు తమపై బడిన బలము ఎంతటిదని విచారించి ఊరకుండక, అది ఎంతసేపు నిలిచినదని కూడ విచారించును. ఈ రెండవ విచారణయే నేటి నా ప్రసంగమునకు విషయము.

పన్ను ఎముకలో నేరుగ నాటబడి యున్నదని సామాన్యముగా మనము తలచెదము. వాస్తవమున వేరునకును అది కూర్చున్న గుంటకును నడుమ సుమారు మిల్లీమీటరులో ఐదవ వంతు ఎడము కలదు. ఆ ఎడము నిండ కొల్లాజెన్ అను మాంసకృత్తుతో ఏర్పడిన దారములును, వాని నడుమ రక్తనాళములును, నరముల కొనలును, నీటి వంటి ద్రవమును, వీనియందు కాపురముండు కణములును ఉన్నవి. వైద్యులు పెరియోడాంటల్ లిగమెంట్ అని వ్యవహరించు ఈ పొరను మనము దంతబంధని యందము. దాని దారముల యొక కొన వేరును కప్పిన సిమెంటం పొరలోను, రెండవ కొన దవడయెముకలోను గట్టిగ నాటుకొని యుండును; అట్లు నాటుకొనిన కొనలను 19వ శతాబ్దపు స్కాట్లండు శరీరశాస్త్రజ్ఞుడు విలియం షార్పీ పేరిట షార్పీ తంతువులని పిలుచుచున్నారు.

నులకమంచముపై మనిషి కూర్చున్నపుడు వాని బరువు క్రిందికి పడుచున్నను, నులక బిగిసి నాలుగు పట్టెలను లోపలికి లాగును గదా. అట్లే నమలునపుడు పంటిపై బడిన భారము ఈ దారములను బిగించి, గుంటగోడను లోపలికి లాగును. ఈ ఏర్పాటు వలన ఆ భారము వేరు కొన యొద్ద ఒకచోట గ్రుచ్చుకొనక నలువైపులకు పంచబడుచున్నది. అయితే మంచమును అల్లినవాడు అల్లి వెడలిపోవును. దంతబంధనిని అల్లు కణములు దానిలోనే నిలిచి, పాతబడిన దారమును త్రెంచి మ్రింగుచు క్రొత్త దారమును వడకుచు ఉండును. ఫైబ్రోబ్లాస్టులను ఈ కణముల పని ఎంత చురుకైనదనగా, దేహమునందు మరే స్థలమునను కొల్లాజెన్ ఇంత త్వరగా పాతది పోయి క్రొత్తది వచ్చుట అరుదు. వీని చెంతనే, ఎముకను కట్టు ఆస్టియోబ్లాస్టులు గుంటగోడను అంటుకొని యుండును. ఎముకను కరగించు ఆస్టియోక్లాస్టులు పిలుపు వచ్చినపుడు రక్తమార్గమున వచ్చిన మాతృకణముల నుండి ఏర్పడును.

ఈ పొరయందలి నరముల కొనలు ఎంత సూక్ష్మగ్రాహులో తెలిసికొనుటకు యంత్రములతో పని లేదు. మన వైపు సంగటి ముద్దను ఊరిబిండిలో అద్ది నమలకయే మ్రింగువాడు పండ్లకు పెట్టు శ్రమ ఏమియు లేదు. అయినను రాగిపిండిలో కలిసి వచ్చిన ఇసుక రేణువొకటి ప్రమాదవశమున రెండు పండ్ల నడుమ తగిలెనా, రెప్పపాటులో వాని దవడ ఆగిపోవును, నాలుక ఆ రేణువును వెదకి పట్టి వెలుపలికి నెట్టును. మిల్లీమీటరులో ఏబదవ వంతు మందము గల రేకును పండ్ల నడుమ ఉంచినను మనుష్యుడు గుర్తింపగలడని పరీక్షలు తెలుపుచున్నవి. స్వయముగ పంటి పింగాణికి స్పర్శ లేదు; వేరు చుట్టునున్న దారములు రవంత సాగినను ఆ కబురు నరములు మెదడునకు అందించును. పన్ను పోయిన చోట దవడయెముకలో టైటేనియము మర బిగించి, దానిపై కృత్రిమదంతము నిలుపు పద్ధతిని 1965లో స్వీడన్ దేశపు బ్రోనెమార్క్ ఒక రోగికి తొలిసారి ప్రయోగించినది మొదలు లక్షలాది జనులు దానివలన సుఖముగా భుజించుచున్నారు. కాని ఆ మరకు దంతబంధని లేనందున ఇంత నిశితమైన స్పర్శజ్ఞానమును లేదు, తీగ కట్టి ఎంత లాగినను స్థానచలనమును లేదు.

ఇక కాలమును గూర్చిన విషయము. చెరకు తునుకపై పండ్లు బిగియుట సెకనులో కొంత భాగము మాత్రమే. అంత స్వల్పకాలమున దంతబంధనిలోని ద్రవము ప్రక్కకు తప్పుకొనుటకు వ్యవధి చాలదు గనుక, అదియే పంటిని మోసి నిలుపును. దవడయెముక మాత్రము రవంత వంగి మరల నిటారగును. ఒత్తిడి రెండు మూడు సెకనులు నిలిచినచో ద్రవము మెల్లగ వెలికి పోవును, పన్ను తన గుంటలో జరుగును. అంతకు మించి నిలిచినచో నడుమనున్న మెత్తని పొరయే నలుగును, ఒత్తిడి అధికమైనచో నొప్పియు పుట్టును. నొప్పి పుట్టినంతనే దవడ తెరచుట మనకు స్వభావసిద్ధము. కాబట్టి నమలుట ఎంత బలమైనదైనను కణములకు అది క్షణికమైన అలజడి మాత్రమే. తీగ యొక్క లాగుడు అట్లు కాదు. అది అల్పమే యైనను రాత్రింబగళ్ళు విడువదు. రోజులో నాలుగు మొదలు ఎనిమిది గంటలైన ఎడతెగక పనిచేయని బలమునకు పన్ను కదలదని దంతవైద్యులు గ్రహించిరి.

ఈ జ్ఞానము ఒక్కనాటిది కాదు. దాదాపు రెండు వేల ఏండ్ల క్రిందట సెల్సస్ అను రోమను గ్రంథకర్త, పాలపన్ను ఊడకమునుపే ప్రక్కగా మొలచిన పంటిని, పాలపంటిని తీసివేసి, దినదినము వ్రేలితో ఒత్తుచు సరియైన చోటికి తేవలెనని వ్రాసినాడు. 1728లో ఫ్రాన్సు దేశపు పియెర్ ఫోషార్ తన దంతవైద్య గ్రంథమున లోహపు పట్టీకి పండ్లను దారముతో కట్టి సరిచేయు విధానమును వర్ణించినాడు. కాని జరుగుచున్న పంటి చుట్టును లోపల ఏమి సంభవించుచున్నదో కంటితో చూచుటకు సూక్ష్మదర్శిని రావలసి వచ్చినది. 1904, 1905 సంవత్సరములలో స్వీడన్ దేశపు కార్ల్ సాండ్‌స్టెట్ కుక్కల పండ్లకు తీగ కట్టి, పిమ్మట ఆ దవడలను పలుచని పొరలుగా కోసి పరీక్షించి, పన్ను ఏ వైపునకు జరుగునో ఆ వైపున గుంటగోడ కరగుటను, విడిచిన వైపున దారముల వెంబడి క్రొత్త ఎముక ఏర్పడుటను చూపినాడు. అప్పటి వరకు ఎముక వంగుట వలననే పన్ను కదలునని వాదించినవారు కలరు. కదలిక అనునది వాస్తవమున ఒక గోడను కూల్చుచు రెండవ గోడను కట్టుటయేనని ఈ పరీక్ష తేల్చినది. 

మరి ఒక కణము తనపై ఒత్తిడి పడినదని ఎట్లు తెలిసికొనును? కణమునకు కన్నులు లేవు, నరములు లేవు. దాని పై పొరయందు ఇంటెగ్రిన్లను అణువులు ఒక చేత వెలుపలి కొల్లాజెన్ దారమును, మరియొక చేత లోపలి అస్థిపంజరము వంటి తంతుజాలమును పట్టుకొని యుండును. వెలుపలి దారము సాగినచో లోపలి జాలమును సాగును. ఆ లాగుడు కేంద్రకము దాక పోవును. అదే పై పొరయందు ఒత్తిడికి తెరచుకొను సూక్ష్మద్వారములును ఉన్నవి. పీజో అను పేరు గల ఈ ద్వారములను 2010లో కనుగొనిన ఆర్డెం పటపూటియన్ 2021లో నోబెల్ బహుమానమును పంచుకొనినాడు. అవి తెరచుకొనగనే కాల్షియము కణములోనికి ప్రవేశించి, నిద్రించుచున్న జన్యువులను మేల్కొలుపును. ఒత్తిడికి గురియైన కణములు ఎ.టి.పి. అను అణువును వెలుపలికి విడిచి, ఇరుగుపొరుగు కణములకు వార్త అందించుననియు ప్రయోగశాలలలో గమనింపబడినది. కండరములలోను కణములలోను శక్తికి ఆధారమైన ఈ ఎ.టి.పి.ని 1929లో హార్వర్డు వైద్యకళాశాలయందు సైరస్ ఫిస్కేతో కలిసి వేరుపరచినవాడు భీమవరమున పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావు; అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. శక్తికి మూలధనముగా వారు గుర్తించిన ఆ పదార్థమే కణముల నడుమ కబురులు మోయుననుట తరువాతి తరములవారు తెలిసికొనిన సంగతి.

వార్త అందిన పిమ్మట కణములు రెండు విధములుగా వర్తించును. నలిగిన వైపున రక్తప్రసారము తగ్గి, ప్రోస్టాగ్లాండిన్లు పుట్టి, ర్యాంక్‌ఎల్ అను సంకేతము పెరుగును. ఆ సంకేతమును అందుకొనిన మాతృకణములు ఒకటిలో నొకటి కలిసిపోయి ఆస్టియోక్లాస్టులై, ఆమ్లము విడిచి ఎముకలోని సున్నమును కరగించి, గుంటగోడను త్రవ్వుకొనుచు పోవును. ఇదంతయు తీగ బిగించినంతనే కాదు, సుమారు రెండు దినములు గడచిన పిమ్మట మొదలగును. సాగిన వైపున ఆ సంకేతమునకు అడ్డుపడు ఓ.పి.జి. అను మరియొక మాంసకృత్తు పెరుగును. ఆస్టియోబ్లాస్టులు మేల్కొని దారముల వెంబడి క్రొత్త ఎముకను పేర్చును. ఇచ్చట గృహస్థులు గుర్తుంచుకొనవలసిన మాట యొకటి కలదు. ప్రోస్టాగ్లాండిన్ల పుట్టుకను ఆస్పిరిను అడ్డగించుననుట 1971లో జాన్ వేన్ చూపిన సత్యము. తీగ బిగించిన నాటి నొప్పికి అట్టి మందులను అదే పనిగా మ్రింగినచో పంటి నడక మందగింపవచ్చును గనుక, ఏ మాత్ర వేసికొనవలెనో వైద్యుని అడిగి తెలిసికొనుట మేలు. ఎముకల బలమునకై బిస్‌ఫాస్ఫొనేటు మందులను వాడు పెద్దవారు ఆ సంగతిని దంతవైద్యునికి ముందుగానే చెప్పవలెను, ఏలయన ఆ మందులు ఆస్టియోక్లాస్టుల పనినే అణచును.

త్వరగా పని కావలెనని బలము పెంచినచో ఏమగును? గోటితో పోవు దానికి గొడ్డలి యెత్తినట్లగును. వియన్నా నగరపు ష్వార్ట్స్ 1932లో చెప్పిన సూత్రము ప్రకారము, దంతబంధనిపై పడు ఒత్తిడి దానిలోని సూక్ష్మరక్తనాళముల ఒత్తిడిని మించరాదు. ఆయన లెక్కలో అది చదరపు సెంటీమీటరునకు 20 మొదలు 26 గ్రాములు. ఆ అంకెను గూర్చి పిమ్మట వాదములు జరిగినను, మూలభావము నిలిచినది. ఒత్తిడి మితిమీరినచో నాళములు మూసికొనిపోవును, కణములు చచ్చును, సూక్ష్మదర్శినిలో ఆ భాగము గాజువలె వెలవెలబోవును. చచ్చిన కణములు ఎముకను కరగించు కణములను పిలువలేవు గనుక, ప్రక్కనున్న మజ్జ నుండి అవి చుట్టు తిరిగి వచ్చి అడుగు నుండి త్రవ్వవలసి వచ్చును. అంతవరకు పన్ను అంగుళమైన కదలదు సరికదా, కొన్ని సందర్భములలో వేరు కొన కూడ కరగి కురుచ యగును. పంటిని వాల్చుటకు 35 నుండి 60 గ్రాములు, వాలనీయక మొత్తముగా జరుపుటకు 70 నుండి 120 గ్రాములు చాలునని వైద్యులు లెక్క కట్టుటకు, నెలకు సుమారు ఒక మిల్లీమీటరు నడకతో తృప్తి పడుటకు ఇదియే కారణము.

తీగ లేకయే పండ్లు నడచుటను చూడవలెనన్న పలమనేరువారు దూరము పోనక్కరలేదు. 1980 దశకమున పొరుగు రాష్ట్రముల అడవుల నుండి వచ్చి స్థిరపడిన ఏనుగుల కొఱకు 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యము మన పెరటిలోనే యున్నది. రాత్రివేళ ఆ ఏనుగులు చెరకు తోటలపై బడి చేయు నష్టము రైతులకు నిత్యానుభవము. ఆ చెరకును నమలు పంటి కథ విచిత్రమైనది. మనుష్యునికి పాలపంటి క్రింద నుండి శాశ్వతదంతము నిలువుగా మొలచును. ఏనుగునకు దవడ ఒక్కొక్క పార్శ్వమున జీవితకాలమున ఆరు దవడపండ్లు, ఒకదాని వెనుక నొకటిగా, వెనుక నుండి ముందునకు జరుగుచు వచ్చును. అరిగిన పంటి ముందుభాగము పలకలు పలకలుగా విరిగి రాలుచుండగా, వెనుకటి పన్ను ఆ తావును ఆక్రమించును. ఇటుక పాటి పరిమాణము గల పన్ను ఎముక నడుమ ఇట్లు ప్రయాణము చేయుటకు ముందున్న ఎముక కరగుచు, వెనుకనున్న ఎముక పెరుగుచు రావలెను. మన పిల్లవాని నోట తీగ రెండేండ్లలో చేయించు పనిని ఏనుగు దంతబంధని కణములు జీవితమంతయు చేయుచుండును. ఆరవ పన్నును అరిగిన పిదప, సుమారు 60 ఏండ్లు దాటిన ఏనుగు మేత నమలలేక క్షీణించును.

కూల్చుట సులభము, కట్టుట ఆలస్యము అను లోకన్యాయము కణములకును వర్తించును. ఎముకను కరగించుటకు కొన్ని వారములు చాలును; దానికి సమముగా గట్టి ఎముకను కట్టుటకు కొన్ని మాసములు పట్టును. క్రొత్త ఎముక ఏర్పడు వేగమును కొలుచుటకు టెట్రాసైక్లిన్ జాతి మందులు శాస్త్రజ్ఞులకు తోడ్పడినవి. అవి అప్పుడే గట్టిపడుచున్న ఎముకలో చేరి, అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా వెలుగును. ఈ జాతిలో మొదటిదగు ఆరియోమైసిన్ 1948లో వెలువడిన లెడర్లె సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించినవాడు పైన చెప్పిన సుబ్బారావే. పండ్లు ఏర్పడుచున్న వయస్సున ఆ మందు పంటిలోను చేరి మచ్చ వేయును గనుక, ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు సాధారణముగా ఈయరు. ఎముక గట్టిపడుటకును, చిగురులోని దారములు క్రొత్త తావునకు అలవాటుపడుటకును ఇంత వ్యవధి కావలసియున్నందున, తీగ విప్పగనే పని ముగిసినదని తలచి వైద్యుడిచ్చిన నిలుపుడు పట్టీని అటకపై పడవేసినవారి పండ్లు పాత దారి పట్టుటలో ఆశ్చర్యము లేదు.

కణములు కాలమును లెక్కించుననుట ఇంటి అలవాట్లను కూడ వివరించును. బొటనవ్రేలు నోట బెట్టుకొని రాత్రియంతయు నిద్రించు పిల్లవాని ముందుపండ్లు ఎగసి వచ్చుట ఆ వ్రేలి బలము చేత కాదు, అది నిలిచియుండు గంటల చేత. పెదవులును నాలుకయు విశ్రాంతిగా నున్నపుడు పండ్లపై మోపు కొద్దిపాటి ఒత్తిడియే, అహోరాత్రములు నిలుచుట వలన, పలువరుస ఆకృతిని నిర్ణయించుచున్నది. ఒక దవడపంటిని పీకించుకొని ఆ సందును అట్లే విడిచినచో, ఎదుటి పన్ను ఆనుడు లేక క్రమముగా దిగివచ్చుటయు, ప్రక్క పన్ను ఆ సందులోనికి వాలుటయు ఇందువలననే. చిగుళ్ళు వాచి, పాచి పేరుకొని, వేరు చుట్టు ఎముక ఇదివరకే కరిగియున్న నోటిలోనైతే, ఆరోగ్యవంతుడు లెక్కచేయని నమలుట కూడ మిగిలిన ఆధారమునకు మోయలేని భారమగును. అందుచేతనే మంచి వైద్యుడు చిగుళ్ళ వ్యాధిని కుదిర్చిన పిదప గాని తీగ తలపెట్టడు.

తుదకు ఒక్క మాట, ముఖ్యముగా పిల్లలు గల ఇండ్లవారికి. ఆటలలోనో, సైకిలుపై నుండి పడియో శాశ్వతదంతము వేరుతో సహా ఊడి వచ్చినచో, అది చచ్చినదని పారవేయవద్దు. ఆ వేరు నంటుకొని దంతబంధని కణములు ఇంకను సజీవముగా ఉన్నవి. వాని ప్రాణము తడి యందే యున్నది. పంటిని తలభాగమున మాత్రమే పట్టుకొనుడు. వేరును తాకవద్దు, రుద్దవద్దు, గుడ్డతో తుడువవద్దు. మట్టి అంటినచో పాలతో ఒక్కసారి కడిగి, పిల్లవాడు తెలివిగా నున్నచో అదే గుంటలో సరిగ నిలిపి, శుభ్రమైన బట్టను మెల్లగ కొరికిపట్టుమని చెప్పి వెంటనే దంతవైద్యుని యొద్దకు తీసికొనిపోవుడు. అది సాధ్యము కానిచో చల్లని పాలలో వేసి తీసికొనిపోవుడు. మంచినీటిలో వేయరాదు, నీరు కణములలోనికి ఇంకి అవి పగిలిపోవును. అరగంట లోపల వైద్యుడు దానిని గుంటలో నిలుపగలిగినచో ఆశ మిక్కిలి కలదు. పొడిగాలిలో ఒక గంట ఎండినచో కణములలో అధికభాగము నశించును, పిమ్మట నిలిపినను పన్ను ఎముకతో అతుకుకొని, ఏండ్లు గడచుకొలది వేరు కరిగిపోవును. పాలపంటికి ఈ ప్రయత్నము పనికిరాదు. దాని క్రింద ఏర్పడుచున్న శాశ్వతదంతమునకు హాని కలుగును. పాడికి పేరుపొందిన మన పలమనేరు ప్రాంతమున ఏ వీధిలోనైనను గ్లాసెడు పాలు నిమిషములో దొరకును. కాచి చల్లార్చినవైనను, పొట్లములో వచ్చినవైనను, చక్కెర కలపని పాలు చాలును. బడులలో ఉపాధ్యాయులును, ఇండ్లలో పెద్దలును ఈ సంగతిని పిల్లలకు నేడే చెప్పి యుంచవలెనని నా ప్రార్థన.